సీమపనస బంక

ఫెతు బావా,

ఆక్లాండ్‌లో నువ్వేమీ బెంగ పెట్టుకోకు. నీ లారీ మా పెరట్లోనే భద్రంగా ఉంది.

ఆదివారం చర్చి విందుకి పందుల్ని లారీకెత్తుదామని చూస్తే రేడియేటర్ కారుతోంది. మా నాన్న పడవ చిల్లులకి సీమపనస బంకే పూసేవాడు కదా, నేనూ అదే పూశాను. బయట చాలదేమోనని లోపల కూడా పోశాను. "మా అన్నయ్య లారీ ఏమన్నా చేపల వేటకి పోతోందా?" అని మీ చెల్లెలు దెప్పింది.

ఇంజన్ వేడికి బంక కరిగి, సందుసందుకీ పాకి, చల్లారాక రాయిలా బిగిసింది. ఇప్పుడు ఒక్క చుక్క కారితే ఒట్టు! కాకపోతే ఒక్క చుక్క పట్టడమూ లేదు. పందులు విందుకి నడిచే వెళ్లాయి.

ఇక్కడ అపియాలో దొరకదు గనక, వచ్చేటప్పుడు మా అందరికీ తెచ్చే మాంసం డబ్బాలు కాస్త తగ్గించి, పెట్టెలో ఓ పాత రేడియేటర్ పెట్టుకురా. బిగించడానికి మెకానిక్కెందుకు, నేనున్నాగా!

నీ చెల్లెలి మొగుడు