పెన్సిల్ కింద అమ్మ ముఖం

హైదరాబాదు,
శనివారం.

ప్రియమైన నాన్నగారికి సలోమి వందనాలు. దేవుని కృపవల్ల నేనిక్కడ బాగున్నాను. మీ దగ్గు ఎలా ఉంది? అత్తయ్య మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? రేపల్లెలో వానలు తెరిపిచ్చాయా? మీరు పంపిన గోంగూర పచ్చడి మూడు రోజుల్లో అయిపోయింది. హాస్టల్ పిల్లలు సీసా నాకి మరీ ఇచ్చారు.

ఇక్కడ చలి మొదలైంది. స్వెట్టర్ వేసుకుంటున్నాను, బెంగపడకండి. మొదట్లో ఆదివారం గుళ్ళో పాట ఎత్తుకుంటే చాలు, ఏడుపొచ్చేది. ఇప్పుడు రావటం లేదు, నిజంగానే. "ఫొటోలకి చదువేంటి, బటన్ నొక్కితే పడవా?" అని అత్తయ్య అన్నా మీరు నన్ను పంపారు. ఆ మేలు రోజూ తలుచుకుంటున్నాను.

నాన్నగారూ, ఒక పొరపాటు చేశాను. ఎస్టీడీ బూత్‌లో వెనక జనం ఉంటే చెప్పలేక రాస్తున్నాను. మనకి తెలిసిన మనిషి ముఖం ఫొటో తీసుకురమ్మన్నారు క్లాసులో మా సార్. మెస్సులో వంట చేసే యాదమ్మగారిని పెద్ద ఫిల్ము కెమెరాతో తీశాను. ఆవిడ బుగ్గ మీద నూనె పడి కాలిన మచ్చ ఉంది. నా చెయ్యి ఊరుకుంటుందా! మన స్టూడియోలో మీ పక్కన కూచుని నేర్చుకున్నదే కదా: పెన్సిల్ సూదిలా చెక్కి, నెగిటివ్ మీద చుక్క చుక్క పెట్టుకుంటూ పోతే ప్రింటులో మచ్చ మాయం. "మచ్చ కనపడితే సంబంధం తప్పిపోద్దమ్మా" అనేవారు మీరు.

సార్ ఆ ఫొటో చూసి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు. రోజూ ఆవిడ చేతి వంటే తింటారాయన! నాకు ఒళ్ళు మండి, తీసుకెళ్ళి యాదమ్మగారికే చూపించాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ చేసినవ్ బిడ్డా. గని గిండ్ల నేనేడున్న?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకే సిగ్గేసింది.

సార్ చెప్పినట్టు దూదితో టర్పెంటైను అద్ది ఆ పెన్సిలంతా తుడిచేశాను. కింద ముఖం చెక్కుచెదరలేదు. మళ్ళీ ప్రింటు వేస్తే యాదమ్మగారు మచ్చతో సహా వచ్చేశారు. దాన్ని వంటింట్లో బియ్యం డబ్బా పైన గోడకి అంటించుకున్నారు. మొదటి ప్రింటు చింపబోతే సార్ ఆపి, "ఇంత సన్నటి చేతిపని ఎవరు నేర్పారు?" అన్నారు. "మా నాన్నగారండి" అన్నాను. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పట్నుంచీ అమ్మే గుర్తొస్తోంది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఒళ్ళో కూచుని బుగ్గలు తడిమితే స్ఫోటకం మచ్చలు గుంటలు గుంటలుగా తగిలేవి. వేళ్ళకి గుర్తుంది. ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గోడ మీది ఫొటోలోని నున్నటి ముఖమే వస్తోంది.

ఆ ఫొటో నెగిటివ్ మన ఇనప్పెట్టెలోనే ఉంది కదా. పెన్సిల్ తుడిచి ఒక్క ప్రింటు వేసుకోనిస్తారా? గోడ మీది ఫొటో అలాగే ఉండనివ్వండి. అది మీ చేతిపని, మీరు వద్దంటే మళ్ళీ ఆ మాట ఎత్తను.

అత్తయ్య చెప్పేది, అమ్మ నందివెలుగు నుంచి ఆ పెళ్ళిచూపుల ఫొటో కోసమే మన స్టూడియోకి వచ్చిందని. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్ళంతా మనిషిని చూసి వెళ్ళిపోయారట. ఒక్కో మచ్చనీ దగ్గరగా చూసి పెన్సిల్ పెట్టిన మీరే అమ్మని చేసుకున్నారు. మీరు చూసిన ఆ ముఖం నాకూ చూపించండి నాన్నగారూ.

అత్తయ్యకి, పాస్టరుగారికి నా వందనాలు. మిరియాల పాలు మానకండి. ప్రార్థనలో నన్ను మరవకండి.

మీ దీవెనలు కోరుకునే,
సలోమి