పిట్ల యశోద, ఇండిపెండెంట్

దబీర్‌పురా,
22 ఏప్రిల్ 2024.

ప్రియమైన వదినకు,

'ప్రియమైన' అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది, అబద్ధమెందుకు చెప్పాలె. నాలుగు దినాలసంది ఫోన్ చేస్తున్న, ఎత్తుతలేవు. అందుకే మన కటింగ్ మాస్టర్ బాబూమియాతో ఈ చీటీ పంపుతున్న. పెద్దమనిషి చేతికిస్తే తీసుకోక తప్పదు కదా.

నయాపూల్ దుకాణంవి పదకొండు నల్లకోట్లు నీ దగ్గర కుట్టకుండ పడి ఉన్నయి. కొత్తగ వచ్చిన లాయర్ పిల్లలు రోజూ వచ్చి నా మొకం మీదనే తిట్టిపోతున్నరు. నేను కోర్టుల వాదించాల్నా, వాళ్లకు జవాబు చెప్పుకుంట కూసోవాల్నా? నీకు కోపమొస్తే నన్ను తిట్టు. దుకాణం మీద ఎందుకు?

బుధవారం నేను పార్లమెంటుకు నామినేషన్ వేస్తున్న. ఇంట్ల కూసోని మిషన్ కుట్టే ఆడోళ్లకు కూలి చట్టం కావాలె, పింఛను కావాలె. గిదే నా మాట. పార్టీ లేనోళ్లకు ఈ నియోజకవర్గంల ఓటున్న పదిమంది సంతకం పెట్టాలె. మొదటి సంతకం బాపుది. నువ్వు ఆ ఆకుపచ్చ చీర కట్టుకొని వచ్చి ఫోటోల నా పక్కన నిలబడు. మన ఇంటి లొల్లి మాదన్నపేట మార్కెట్ దాక పోవద్దు.

కోట్లు మాత్రం శనివారం లోపల కావాలె.

నీ ఆడబిడ్డ,
పిట్ల యశోద, అడ్వకేట్.


మాదన్నపేట,
23 ఏప్రిల్.

ప్రియమైన అడ్వకేట్ గారికి,

నీ చీటీ ముట్టింది. బాబూమియాకు చాయ్ పోసి పంపిన. నీకైతే పోసేదాన్ని కాదు.

నీ కరపత్రం గూడ చూసిన. మార్కెట్ల చంద్రమ్మ ఆకుకూరలు చుట్టి ఇచ్చింది అండ్లనే. "పొద్దుగాల ఆరింటికి మిషన్ మీద కూసుంటది, నడుము వంగిపోతది, సూది దిగిన వేలుకు గుడ్డ చుట్టుకొని మళ్ల కుడతది, ఆమెకు ఏ పుస్తకంల పేరుండదు" అని మస్తు రాసినవ్. చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది. మళ్ల చూస్తే అది నేనే! ఆ వేలు నాది. ఆ గుడ్డ నాది. ఎన్నడన్న అడిగినవా రాసేముందు?

పద్నాలుగేండ్లసంది నీ దుకాణానికి కుడుతున్న. బోర్డు మీద 'యశోద కోట్స్' అని ఉంటది. వచ్చినోళ్లందరు నీ పేరే అనుకుంటరు. అనుకోనీ. నీ మొదటి కోటు గూడ నేనే కుట్టిన, భుజం దగ్గర మూడుసార్లు ఇప్పి కుట్టిన. ఇంటి కోడలు కదా, కూలి ఎందుకన్నరు. పండుగకు ఒక చీర. నువ్వు కట్టుకొని రమ్మన్న ఆకుపచ్చ చీర అదే.

ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటరు. ఊర్ల ఆడోళ్లకు చట్టం తెస్తవట. ముందుగాల నీ దుకాణంల తే.

ఇంకో మాట. మామను తీస్కపోయేముందు ఇంటికొచ్చి ఆయన కొత్త కాయితాలు చూస్కో. నా బీరువల ఉన్నయి. తర్వాత నన్ననొద్దు.

వదిన.


దబీర్‌పురా,
25 ఏప్రిల్, సాయంత్రం.

వదినా,

ఈసారి ప్రియమైన లేదు, ఏం లేదు.

ఇయ్యాల ఆఖరు దినం. మూడింటికి ఆఫీసు గోడ మీద పేర్లు అతికించిన్రు. నా పేరు చూసుకుందమని పోయిన. ఒకటి కాదు, రెండున్నయి! పిట్ల యశోద, ఇండిపెండెంట్. కింద మళ్ల పిట్ల యశోద, ఇండిపెండెంట్. పక్కనున్న లాయర్లందరు నవ్విన్రు.

నువ్వు కోడలిగ వచ్చిన దినం బాపు "ఒక ఇంట్ల ఇద్దరు యశోదలు, పోస్టుమాన్ సస్తడు" అని నవ్విండు. సచ్చింది నేను.

ఎవడు పెట్టించిండు నీతోని? పెద్ద పార్టీలోళ్లు ప్రతి ఎలక్షన్ల గిదే చేస్తరు. గట్టిగ నిలబడ్డోళ్ల మీద అదే పేరున్న మనిషిని తెచ్చి పెడతరు. ఓటేసే ముసలోళ్లు ఏ యశోదనో తెల్వక తప్పు మీట నొక్కుతరు. ఆ డమ్మీ నా ఇంట్లనే దొరికిందా వాళ్లకు? పదో తరగతి చదివి పార్లమెంటుకా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతదట!

బాపు కాయితాలు చూస్కో అని నాకు చెప్తున్నవ్. ఊరందరి కాయితాలు కోర్టుల నేను చూస్త. పోయిన ఎలక్షన్ల ఓటు చీటీ మీదున్న నంబరు చూసి నేనే రాసిన. కన్నతండ్రికి ఓటున్నదో లేదో నేను ఎంక్వైరీ చెయ్యాల్నా?

దీంతోని నామినేషన్ వాపసు తీసుకునే ఫారం పెట్టిన. టైపిస్టు వెస్లీతో అంతా నింపించిన, నువ్వు సంతకం పెడితే చాలు. 29 తారీఖు మూడింటి లోపల ఇయ్యాలె. ఇయ్యకుంటే ఈ జన్మల నీ గడప తొక్క.

యశోద.


మాదన్నపేట,
26 ఏప్రిల్, పొద్దున.

యశోదా,

తొక్కకు. ఎప్పుడు తొక్కినవ్ గనక? మీ బాపును చూడనీకి వచ్చినా గల్లీ మలుపు కాడ నిలబడి హారన్ కొడతవ్.

డమ్మీ అన్నవ్. విను. తెల్లబండిల ఒకాయన వచ్చిన మాట నిజం. "అమ్మా, మీ పేరు మస్తు పనికొస్తది" అన్నడు. నలభై రెండేండ్లల నా పేరు పనికొస్తదని చెప్పిన మొదటి మనిషి వాడే. కూసోబెట్టి మంచినీళ్లిచ్చి పంపిన. చాయ్ గూడ ఇయ్యలే. డిపాజిట్‌కు నా కమ్మలు పోయినయి, వాని పైసలు కాదు. సంతకాలు పెట్టిన పదిమంది ఎవరనుకున్నవ్? చంద్రమ్మ, కాశమ్మ, రాబియా, ఇంకో ఏడుగురు. అందరు కుట్టేటోళ్లు, కూరగాయలమ్మేటోళ్లు. వాళ్ల ఓటు ఎక్కడున్నదో ఒక్కొక్కరి కార్డు చూసి మరీ రాసిన. నేను లాయర్ను కాదు కదా, భయం.

ఎందుకు వేసినవంటే, నీ మీద కోపంతోనే వేసిన. దాచుకునుడు నాకు రాదు. నా బతుకు కాయితం మీదకెక్కింది, నా పేరు ఎక్కలే. కడుపు మండింది.

మామ కాయితాలు చూసినవా? రెండోసారి అడుగుతున్న. బీరువ తాళం తీసే పెట్టిన.

వదిన.


దబీర్‌పురా,
27 ఏప్రిల్.

వదినా,

నీ రెండో చీటీ నాకు నిన్న మధ్యాహ్నం ముట్టింది. అప్పటికే అయిపోయింది.

నిన్న పరిశీలనల నా నామినేషన్ కొట్టేసిన్రు. జనవరిల బాపు కంటి ఆపరేషనై ఉప్పల్‌ల చెల్లె ప్రీతి ఇంట్ల ఉన్నప్పుడు, ఆమె ఆయన ఓటు అక్కడికి మార్పించిందట. అది వేరే నియోజకవర్గం. మన లిస్టుల బాపు పేరే లేదు. పదికి తొమ్మిది సంతకాలే నిలిచినయి. నామినేషన్ ఒకటే సెట్ వేసిన, వేరే సంతకాలతోని రెండోది ఎందుకులే అనుకున్న. పద్నాలుగేండ్ల వకాలత్, ఒక్క నిమిషంల గంగల కలిసింది. బాపు ఆఫీసు మెట్ల మీద కూసోని "నా వల్లనే బిడ్డా, నా వల్లనే" అని పాత కార్డు తిప్పి తిప్పి చూస్తుండె. ఏం చెప్పాలె ఆయనకు?

నీకు తెలుసు. కొత్త కార్డు నీ బీరువకే వచ్చింది. కాయితాలు చూస్కో అని పొడుపుకథ వేసినవ్. ఓటు మారిందని నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోతుండే? కక్ష. గిది పక్కా కక్ష.

ఇప్పుడు గోడ మీద ఒకటే పిట్ల యశోద. అది నువ్వు. మూడు నెలలు నేను గల్లీ గల్లీ తిరిగి చెప్పుకున్న పేరు. ఆ ఓట్లు నీకెందుకు పడాలె? వాపసు తీస్కో. ఇద్దరం ఇంట్ల కూసుందం. దండం పెడత వదినా, తీస్కో. నేను పోటీల లేకుండ నువ్వుండుడు నేను చూడలేను.

యశోద.


మాదన్నపేట,
29 ఏప్రిల్, రాత్రి.

ప్రియమైన యశోదకు,

వాపసు తీసుకునే టైం దాటినంక కూసోని రాస్తున్న. అందితే జుట్టు, అందకుంటే కాళ్లు. నీది చిన్నప్పటి గుణమే.

నాకు తెలుసు, నిజమే. ఓటు మారిందని ఎందుకు రాయలేదంటే, నువ్వు ఒక్కసారి నా ఇంట్లకు రావాలని. నా బీరువ ముంగట నిలబడి "వదినా, చూపియ్యి" అనాలని. గంతే ఆశ. నువ్వు రాలే. మామ ఏడుస్తుంటే చూసిన, అన్నం దిగలే నాకు. నాది తప్పే. గా ఒక్కటి నీ కాళ్లు పట్టుకొని చెప్త. మిగిలింది మాత్రం తప్పని చెప్ప.

నువ్వు పంపిన వాపసు ఫారం మంచి మందం కాయితం. దాన్ని కత్తిరించి కోటు కాలర్‌కు నమూన చేసుకున్న. దాంతోనే ఆ పదకొండు కోట్లు పూర్తయినయి, బాబూమియాతో పంపుతున్న.

గుర్తు ఇచ్చిన్రు. కుట్టుమిషన్! ఆఫీసర్ "ఇదే ఎందుకమ్మా" అన్నడు. వేలు చూపించిన.

నీ ఐదువేల కరపత్రాలు పారెయ్యకు. చూసిన, పేరు సరిగ్గనే ఉన్నది, రాసిన బతుకు గూడ సరిగ్గనే ఉన్నది. ఫోటో ఒక్కటే మార్చాలె. వెస్లీని అడుగు, కొత్తది ఎట్ల అతికించాల్నో.

నాకు మైకు పట్టుకొని మాట్లాడ రాదు. నీకొస్తది. నీ కోపం పోయిందనుకోను, నాది గూడ పోలే. పోకున్నా రా. ఈసారి హారన్ కొట్టకు, లోపటికి రా.

వచ్చేటప్పుడు నీ నల్లకోటు తే. భుజం దగ్గర పిగిలిందని బాబూమియా చెప్పిండు. కుట్టి ఇస్త.

ఈసారి కూలి తీసుకుంట.

పిట్ల యశోద,
కోట్లు కుట్టేది.