విల్లా వెనక గొర్రెల మంద

నానక్‌రామ్‌గూడ

చెన్నమ్మకు,

ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాసి మన భార్గవి చేతికిస్తున్నాను. మోకాలి ఆపరేషనైన చెల్లెల్ని చూసుకోవాలన్న వంకతో కార్తీకంలో మూసాపేట వెళ్ళావు. చైత్రం వచ్చింది. ఆమె మెట్రో మెట్లు కూడా ఎక్కుతోందట, నువ్వు మాత్రం రావడం లేదు. ఇది క్షమాపణ ఉత్తరం కాదు, పుచ్చకాయ సంగతి చెప్పడానికి రాస్తున్నాను.

ఆ రోజు అసోసియేషన్ విందులో, పెరట్లో బిందెంత పుచ్చకాయ కాయిస్తానని నేనంటే నువ్వేమన్నావు? "పొలాలన్నీ ప్లాట్లేసి అమ్మినోళ్లకు పుచ్చకాయ యాడ కాస్తాది?" అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉడుకులో, "మీ నాయన సేద్యం చేసి ఏం బాగుపడినాడులే" అన్నాను. నువ్వు సంచి సర్దుకున్నావు.

తర్వాత పెరడు తవ్వించాను. లాన్ కింద మట్టే లేదు చెన్నమ్మా! ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, ఎవరిదో ఎడమకాలి చెప్పు. 'బంగారంలాంటి నేల' అని ఈ విల్లాలన్నీ అమ్మిపెట్టింది నేనే కాబట్టి ఎవరి మీదా అరవలేకపోయాను. అదంతా ఎత్తిపోయించి ఎర్రమట్టి, ఇసుక, వేపపిండి కలిపాను. గింజలేస్తే తీగ జానెడు పాకి పడుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, మీ నాయన పైరు వేయకముందు చేలో గొర్రెల మంద పెట్టించేవాడు. రాత్రంతా అవి అక్కడే పడుకుంటే పెంటికలన్నీ నేలకే. గండిపేట వైపు గొర్రెలు కాసుకునే ఓదెలును పట్టుకుని, అతని మందను ఒక్క రాత్రికి రప్పించాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను గుడ్లు తేలేశాడు. "గివన్నీ మీ గెస్టులా సార్? యాప్‌ల ఒక్కొక్కదాని పేరు కొట్టాల్నా?"

తెల్లారేసరికి పెరడంతా ఎరువే. పక్కింటి అసోసియేషన్ ప్రెసిడెంటు లింగమూర్తి లాన్‌కు మాత్రం గుండు అయింది. నోటీసు పంపాడు, పంపనీ. కొన్నాళ్ళు ఆరనిచ్చి, మట్టి తిరగేసి గింజలేస్తే ఈసారి తీగ గోడ దూకింది. ఒక కాయ రెండు చేతులకూ అందనంత అయింది. రోజూ వేలితో కొట్టి చూస్తున్నాను, పండిందనే అనిపిస్తోంది. ఒక్కడినే కోసుకుంటే గొంతు దిగదు. రా.

నీ
చెన్నకేశవులు

మూసాపేట

భార్గవి నాయనకు,

మీ ఉత్తరం చెల్లెలికి చదివి వినిపించాను. నవ్వి నవ్వి మళ్ళీ మోకాలు పట్టుకుంది. నేనూ నవ్వాను, కానీ మంద దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. మా నాయన సేద్యాన్ని తీసిపారేసిన మీరే కాలనీ అంతా చూస్తుండగా ఆయన పద్ధతి పట్టుకున్నారు. ఆయన బతికుంటే మీసం తిప్పేవాడు. క్షమాపణ అడగనన్నారుగా, అడగొద్దులెండి. పదిమందిలో నేనూ అలా అనకుండా ఉండాల్సింది.

లింగమూర్తిగారి నేలకూ ఎరువు ఊరికే పడింది. నోటీసు పక్కన పెట్టి నాలుగు గింజలు వేసుకోమనండి.

రేపు మెట్రో దిగి షేర్ ఆటోలో వస్తున్నాను. అందాకా కాయ మీద చెయ్యి వేయొద్దు. తొడిమ పక్కనున్న నులితీగ ఎండితేనే కాయ పండినట్టు, అది నేనే చూస్తాను. రాళ్ళదిబ్బను బంగారంలాంటి నేలని అమ్మినవారు, పచ్చికాయను పండని కోసెయ్యగలరు.

మీ
చెన్నమ్మ