పచ్చగా పూసిన బిళ్ళగన్నేరు

జానకీ,

ఈ వేళ నీ ఆబ్దికం. తెలంగాణ బంద్‌తో దిల్‌సుఖ్‌నగర్ నిశ్శబ్దంగా ఉంది, పూలమ్మే ఆమె రాలేదు. నీవు నాటిన బిళ్ళగన్నేరు ఈ నెల ఆకుపచ్చగా పూస్తోంది. అపూర్వపుష్పమని మురిసి సీసపద్యం కూడా కట్టాను. నీ పటానికని అవే కోస్తుండగా, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పక్కింటి యాదమ్మ ప్రహరీ మీదుగా చూసి నవ్వింది.

“గది పువ్వు కాదు సారూ, రోగం! ఆకుల రసం పీల్చే దీపపు పురుగు మోసుకొస్తది. దీని క్రిమిని మొదట వైరస్ అనుకున్నరు. తర్వాత గోడలేని కణమని తెలిసి బ్యాక్టీరియాలల్ల కలిపిన్రు. పీకకుంటే నా వంకాయ చెట్లకు అంటుతది.”

“మా ఆవిడ నాటిన మొక్క, తల్లీ.”

ఆమె తల దించుకుంది. “అయితే ఉండనీ సారూ.”

ఆమె అలా అన్న తరువాతనే మొక్కను పెరికివేశాను. పద్యం మాత్రం చించలేదు. నీ పటం ముందు ఈ వేళ పువ్వు లేదు; ఆ కాగితమే ఉంచాను.