మగ్గం ముందు నువ్వున్న వీడియో

నాయనా,

నువ్వు పోయి ఏడాది దాటింది. నీకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. బతికి ఉన్నా ఈ ఉత్తరం చదివేవాడివి కాదు. అయినా రాస్తున్నాను.

వేలూరులో మా ఆఫీసుకు ఒక లుంగీల కంపెనీ వెబ్‌సైటు పని వచ్చింది. వాళ్ల వీడియోలు ఆ సైటులోనే ఆడేలా ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం నేనే రాశాను. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని, వాళ్లు పంపిన పాత వీడియో ఒకటి ఎక్కించాను. అందులోంచి ఒక బొమ్మను ప్లగిన్ తనంతట తానే ఏరి పైన చూపించాలి. చూపించింది. అది నువ్వు. మన గుడియాత్తంలో మగ్గం ముందు, భుజాన తువ్వాలుతో.

నిన్ను వీడియో తీశారని నువ్వు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదే. ప్లే నొక్కాను. నీ పెదాలు కదిలాయి, మాట రాలేదు. వీడియోలన్నీ శబ్దం లేకుండా మొదలవ్వాలని రాసిందీ నేనే. చాలాసేపటికి ధైర్యం చేసి సౌండు బటన్ నొక్కాను.

కెమెరా పట్టుకున్నతను పిల్లలెంతమందని అడిగాడు.

"ఒక్కతే కూతురప్పా. వేలూరులో కంప్యూటర్ పని చేస్తా ఉండాది."

"ఏం పని?"

"అడిగినాను. చెప్పినా నీకు అర్థం కాదులే నాయనా అనింది." నవ్వి, మళ్లీ నేతలో పడ్డావు.

నిజమే, అలాగే అన్నాను.

ఇప్పుడు చెప్తాను, విను. ఎవరో ఎప్పుడో తీసిన వీడియో ఉంటుంది. ఎవరు ఎక్కడినుంచి నొక్కినా అందులో మనిషి కదలాలి, మాట్లాడాలి. అలా చేయడమే నా పని.

చూడు, చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.