దేవర పొట్టేలుకు ఎంగిలి గొట్టమా?

ప్రియమైన హుసేనప్పకు,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కానీ ఫోన్లో చెప్తే మగ్గం చప్పుడులో సగమే వింటావు. మిగతా సగం సొంతంగా కల్పించుకుంటావు.

వానలు పడ్డాక మా ఆస్పరి దిక్కు గొర్రెలకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నూలుపోగుల్లాంటి పురుగులు. పక్క దొడ్డి తిమ్మప్పవి రెండు పిల్లలు పోయినాయి. నా మంద ఇంకా దగ్గలేదు. సోమవారం పశువుల డాక్టరమ్మ సునంద టీకా తెస్తుంది. సూది కాదు, నోట్లో పోసేది. ఆ పురుగు పిల్లల్నే బలహీనం చేసి తాగిస్తారట. ఒళ్లు పగవాణ్ణి ముందే గుర్తుపడుతుందట. మా తాత తోడేలు తోలు కప్పుకొని కుక్కపిల్లల మధ్య తిరిగేవాడు, అదే లెక్క. అవి నేర్చుకున్నది ఒకసారి ఆయన మీదే చూపించినాయి. ఆ కథ ఇప్పుడొద్దు.

చిక్కేమిటంటే, అన్ని నోళ్లలోనూ ఒకటే గొట్టం పెడతారు. మీ ఇంటామె రామక్క ఉచ్చీరమ్మ దేవరకు బలిస్తానని మొక్కుకున్న పొట్టేలు నా మందలోనే ఉంది కదా. దేవరకిచ్చేది ఎంగిలి కాకూడదంటారు. పోయించాలా, వద్దా? అడిగి రాయి.

నీ సిద్ధప్ప


ప్రియమైన సిద్ధప్పన్నా,

అడిగినాను. అడక్కుంటే బాగుండేది. "దేవర సొత్తు నోట్లో ఊరందరి గొర్రెల ఎంగిలి గొట్టమా? సిద్ధప్పన్నకు మతి పోయిందేమో సూడు" అని నూలు కండెలు చుట్టడం ఆపేసింది. పోయినేడు తాను టీబీతో మంచంలో ఉన్నప్పుడు మొక్కిన మొక్కు. దానికి దోషం తగిలితే ఆ దగ్గు తిరిగి వస్తుందని ఆమె భయం.

"మందు లేక అది సస్తే దోషం గాదా?" అన్నాను. కంచం నా ముందు ఠక్కున పెట్టి, మళ్లీ కండెల దగ్గరికి పోయింది.

పోయించొద్దు. సోమవారం ఉరుకుంద పోయి ఈరన్న స్వామికి చెప్పుకొని వస్తుందట.

ఎమ్మిగనూరు నుంచి,
నీ హుసేనప్ప


ప్రియమైన హుసేనప్పా,

ఇది ఆమెకు చదివి వినిపించొద్దు.

సోమవారం రామక్క ఉరుకుంద పోలేదు. మా ఊర్లో బస్సు దిగి, నేరుగా తిమ్మప్ప దొడ్డి దగ్గర నిలబడింది. ఒక గొర్రె మెడ చాచి దగ్గుతూ ఉంది.

"ఇది నా దగ్గే గదన్నా" అంది.

డాక్టరమ్మ వచ్చి గొట్టం తీయగానే రామక్క చేయి అడ్డం పెట్టింది. సంచిలోంచి, పోయినేడు తాను టానిక్కు తాగిన చిన్న కప్పు తీసింది.

"దీంట్లో పొయ్యి తల్లీ."

నా నోరు ఊరుకుంటుందా? "అది నీ ఎంగిలి గదా రామక్కా!"

"నా పానానికి బదులు దాన్ని మొక్కినా. నా ఎంగిలి దానికి ఎంగిలి ఎట్లయితాదన్నా?"

నేను పోయి మందలోంచి పొట్టేలును పట్టుకొచ్చినాను.

డాక్టరమ్మ పొట్టేలు తల ఎత్తి పట్టింది. రామక్క పోసింది. అది మింగింది. రెండో మోతాదు నెల తర్వాత. రామక్క కప్పు కడిగి, అప్పటికని నా ఇంటి చూరులో పెట్టి, మధ్యాహ్నం బస్సెక్కింది.

నీ సిద్ధప్ప