ఆ రోజు స్టేషన్‌లో ఉన్నాను

1983 నవంబరు 9
జపాన్ నుంచి ఇల్లు చేరాను. రావులపాలెంలో బస్సు దిగితే బావమరిది సూర్యం ఉన్నాడు. పెట్టె అందుకున్నాడు. బండారులంక దగ్గర పడుతుండగా చెప్పాడు — మా పాప ఇక లేదని. జ్వరం... మూడు రోజులే. పది నెలల పిల్ల.
"పన్నెండు రోజుల్లో వచ్చేస్తారు కదా బావగారూ... అంత దూరంలో ఒక్కరూ ఏమైపోతారోనని కబురు పెట్టలేదండీ."
ఇంట్లో నా భార్య సత్యవతి నా వంక చూడలేదు.

నవంబరు 11
మగ్గం ముందు కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు.

నవంబరు 14
వచ్చినవాళ్ళు పాప గురించి రెండు మాటలంటారు. తర్వాత జపాన్. నెల రోజులు అక్కడి ప్రదర్శనలో మన చీర నేత చూపించి వచ్చినవాణ్ణి కదా.
"ఆ బుల్లెట్ రైలు ఎక్కేరా అండీ?"
"ఆయ్, ఎక్కేనండి."
ఒకే స్టేషన్. పైన ఆ రైలు, కింద చిన్న ఊళ్ళకు పోయే మామూలు బండి. దిగడానికి కదిలే మెట్లు. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిగా ఉంది.

నవంబరు 15
పాప పోయింది అక్టోబరు 28న. అక్కడ ఆ రోజు రాసుకున్న పేజీ తీశాను.
'పెద్ద రైలు దిగాం. కింద మా బండి వచ్చినా ఎక్కలేదు. ఇంకో రెండు పెద్ద రైళ్ళు చూద్దామని మళ్ళీ పైకి వెళ్ళాను. ఇంత సంతోషం ఎన్నడూ ఎరగను.'

నవంబరు 16
ఏమీ రాయలేను.

నవంబరు 20
చేనేత సొసైటీ ప్రెసిడెంటుగారు పిలిపించారు. "నలుగురికీ చెప్పవయ్యా, నీకూ కాస్త తేలికవుద్ది."
చెప్పాను. కదిలే మెట్ల మీద బోర్లా పడబోయానంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
గుమ్మంలో సత్యవతి. నూలు చుట్టిన కండెలు తెచ్చింది. బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

నవంబరు 21
అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. వచ్చాక ఇదే మొదలు.
"పాప పోయిన రోజు ఎక్కడున్నారండీ?"
"ప్రదర్శనలో, మగ్గం దగ్గరే."
"మీ మనసుకేమైనా తోచిందా?"
ఆ కళ్ళలోకి చూడలేకపోయాను.
"ఆయ్... పొద్దున్నుంచీ ఏదోలా ఉంది. ఎన్నిసార్లు అతికినా పోగు తెగిపోతానే ఉంది."
నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చాలాసేపు.

నవంబరు 22
వంటింట్లో అమ్మతో చెబుతోంది — "ఆయనకి తెలిసిందండీ అత్తయ్యగారూ. అంత దూరంలో ఉన్నా తెలిసిపోయింది..."
నేను అరుగు మీద ఉన్నాను. అన్నానికి పిలుస్తోంది. లేవాలి...